అప్పగించి వెళ్ళమన్న మా సారు

పోయిన బుధవారం పలమనేరులో నా క్లినిక్కులో ఒకావిడకు బీపీ చూస్తుండగా ఫోను వచ్చింది. నేను పీజీ చదివిన రోజుల్లో మా వార్డుకు హెడ్ నర్సుగా ఉన్న సిస్టరమ్మ గొంతు. "సారు పోయినారమ్మా. పొద్దున్నే కాఫీ తాగి, పేపరు సూస్తా సూస్తా అట్లే కూచోనుండారంట" అని చెప్పి ఫోను పెట్టేసింది. మిగిలిన పేషెంట్లను చూసి, తలుపు వేసుకుని, ఆ తరువాత ఏడ్చాను. ముందు ఏడ్చి ఉంటే ఆయన ఒప్పుకునేవారు కాదు.

ఆయన మాకు మెడిసిన్ ప్రొఫెసరు. తిరుపతిలో ఒక పెద్దాసుపత్రి. దాని పేరు ఇక్కడ అవసరం లేదు. సొంతూరు పాకాల. వాళ్ళ నాయన రైలు పట్టాల మీద గ్యాంగుమన్. ఇంత పెద్ద డాక్టరైనా ఆయన నోట మాట మాత్రం పాకాల మాటే. రౌండ్సులో ఎవరైనా "ఏడో బెడ్డుకు దగ్గు తగ్గలేదు సార్" అంటే చాలు, ఆగిపోయేవారు. "మంచానికి దగ్గేందిరా? పేరు లేదా మనిషికి?" అనేవారు. ముసలివాళ్ళకు మందులచీటీ తెలుగులో, పెద్ద పెద్ద అక్షరాలతో రాసేవారు. కేసు షీటులో మా రాత అర్థం కాకపోతే చించి మళ్ళీ రాయించేవారు. అరిచేవారు కాదు. మేము రాస్తున్నంతసేపూ పక్కన నిలబడేవారు. అదే మాకు పెద్ద శిక్ష.

ఒక ఏడాది మాకు నెలల తరబడి స్టైపెండ్ రాలేదు. మా అమ్మ రెండు ఆవుల మీద నన్ను చదివించింది. ఇంకా డబ్బు అడగడానికి నాకు నోరు రాలేదు. ఏర్పేడు దగ్గర నుంచి వచ్చిన నా స్నేహితుడు పొద్దుటి టిఫిను మానేసి, ఆకలి లేదని చెప్పుకునేవాడు. ముప్పై ఆరు గంటల డ్యూటీ మాత్రం ఎవరికీ తప్పలేదు. అర్జీలు ఇచ్చాం. జవాబు రాలేదు. చివరకు ఆసుపత్రి ముందు టెంటు వేసి కూర్చున్నాం. ముందుండి మాట్లాడేదాన్ని నేనే.

మూడు రోజులు ఓపీ మాత్రమే ఆపాం. పైవాళ్ళెవరూ కదల్లేదు. నాలుగో రోజు పొద్దున అత్యవసర వార్డులు కూడా వదిలేద్దామని చేతులెత్తాం. మొదట లేచిన చెయ్యి నాదే. ఆ తరువాత వార్డుల నుంచి ఒక్కొక్కరం వచ్చి టెంటులో కూర్చున్నాం.

గంట గడిచిందో లేదో, సారు టెంటు దగ్గరకు వచ్చారు. మందలిస్తారని అందరూ బిగుసుకున్నారు. ఆయన నన్ను మాత్రం పక్కకు పిలిచి, మెల్లగా అడిగారు.

"ఏమ్మా, మామిడితోటలో పురుగుమందు కొడతా పడిపోయి వచ్చిందే ఒకామె. పొద్దున నువ్వు సూసినప్పుడు తల ఎత్తిందా?"

పురుగుమందు విషం తగ్గినట్టే ఉండి, రెండు మూడు రోజులకు మెడ కండరాలు నీరసిస్తాయి. ఆ తరువాత ఊపిరి తీసే కండరాలూ పనిచేయవు. దిండు మీద నుంచి తల ఎత్తలేకపోవడం దానికి తొలి గుర్తు. ఆ పొద్దున ఆమె తల ఎత్తలేదు. చూశాను. రాద్దామనుకుంటుండగా బయట నినాదాలు మొదలయ్యాయి. పెన్ను జేబులో పెట్టుకుని వచ్చేశాను.

"లేదు సార్, ఎత్తలేదు" అన్నాను.

"రాయలేదే."

"లేదు సార్."

"ఊపిరి మిషను పెట్టినాంలే. టయానికే సూసినా" అన్నారు. "జీతం అడగడం తప్పు గాదమ్మా. అడగల్ల. సమ్మె చెయ్యి, నేనేం అడ్డం రాను. కానీ నీ పేషెంటును ఇంకొకరికి అప్పగించి పో. అప్పగించకుండా పోతే అది సమ్మె గాదు, పారిపోవడం" అన్నారు.

అంత మాట అన్నాక కూడా ఆయన ఆ విషయం మా వాళ్ళ ముందు ఎత్తలేదు. నేనే టెంటులోకి పోయి, జరిగింది జరిగినట్టు చెప్పాను. అత్యవసర వార్డులకు వంతులవారీగా తిరిగి పోదామన్నాను. గొడవ అయింది. ఏర్పేడు స్నేహితుడే లేచి, "ఎమర్జెన్సీ ఆపకపోతే మనల్ని పట్టించుకునేదెవరు? మూడు దినాలు చూసినాం గదా?" అన్నాడు. అతని మాటలో న్యాయం ఉంది. ఖాళీ కడుపుతో మాట్లాడుతున్నాడు. "పట్టించుకోవాల్సినోళ్ళు ఆ మంచాల మీద లేరు కదా" అన్నాను. అయినా మొదట లేచి వార్డుకు పోయింది అతనే.

ఓపీ సమ్మె మాత్రం ఆపలేదు. దానికీ సారు ఒక మెలిక పెట్టారు. "దూరం నుంచి వచ్చినోళ్ళకు వాచ్‌మన్‌తో చెప్పించద్దు. గేటు కాడ నువ్వే నిలబడి చెప్పు, ఎందుకు సూడవో."

మైకు ముందు మాట్లాడటం సులువు, గేటు దగ్గర కష్టం. చీటీ పట్టుకుని వచ్చిన ఒక ముసలాయనకు సంగతి చెప్పాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"నీకు కూలి ఈలేదామ్మా?"

"ఈలేదు తాతా."

"అయితే కూచో. కూలి ఈకుంటే మేము మాత్రం చేస్తామా? కానీ నాకు చక్కెరమాత్రలు రేపటికి అయిపోతాయి. అయి మాత్రం రాసియ్యి."

ఆ మధ్యాహ్నమే గేటు దగ్గర ఒక బల్ల వేశాం. పాత చీటీలు చూసి, ఆపకూడని మందులు రాసిచ్చాం. కొత్త జబ్బులు చూడలేదు. తిరిగి వెళ్ళినవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళలో ఎవరికి ఏమైందో నాకు తెలియదు. తెలియదన్న సంగతిని మాత్రం మరిచిపోలేదు.

సమ్మెలో ఉన్నవాళ్ళ హాజరు పట్టీ పంపమని పైనుంచి సారుకు కాగితం వచ్చింది. ఆయన అందరికీ గైర్హాజరు వేశారు. లేనివాళ్ళను ఉన్నారని రాయరు. కానీ ఆ పట్టీ కిందే, స్టైపెండ్ లేకుండా వీళ్ళు ఎన్ని నెలలు ఒక్క పూట మానకుండా వచ్చారో అదీ రాసి, సంతకం పెట్టారు. దానికి ఆయనకు సంజాయిషీ నోటీసు వచ్చింది. ఈ సంగతి ఆయన ఎన్నడూ చెప్పలేదు. ఏడాది తరువాత సిస్టరమ్మ చెప్పింది. స్టైపెండ్ మాత్రం సమ్మె చేసిన వారంలోనే వచ్చింది. మామిడితోట ఆమె పన్నెండో రోజున మిషను లేకుండా ఊపిరి తీసుకుంది. ఇంటికి పోయేరోజు ఆమెను గేటు దాకా నేనే నడిపించాను.

తరువాత ఒకసారి ధైర్యం చేసి అడిగాను, మీ కాలంలో సమ్మె చేశారా అని.

"లేదమ్మా. ఏం ఇచ్చినా, ఈకున్నా నోరు మూసుకుని చేసినాం. దాన్ని సేవ అనుకున్నాం" అన్నారు. "నాతో చదివినోడు ఒకడు నిద్ర లేక లేక, డ్యూటీలో తప్పు మందు ఎక్కించినాడు. పేషెంటు బతికినాడు గానీ వీడు మళ్ళా ఆసుపత్రి గడప తొక్కలేదు. ఆ పొద్దు మేమంతా కలిసి అడిగుంటే వాడు నిలబడేవాడు. మాది సేవ గాదు, భయం."

డాక్టర్లు జీతం కోసం సమ్మె చేయవచ్చా అని నన్ను ఇప్పటికీ అడుగుతుంటారు. నేను తడుముకోను. చేయవచ్చు. ఆకలితో, నిద్రలేమితో ఉన్న డాక్టరు రోగికి మేలు చేయలేడు. కానీ ప్రాణం మీదకు వచ్చినవాళ్ళను వదిలి రాకూడదు, తిప్పి పంపేవాళ్ళకు ముఖం చాటేయకూడదు. ఈ మూడూ ఒకేసారి నిజం కావచ్చునని ఆయన నాకు పుస్తకంలో చూపించలేదు. ఆ సమ్మెలో, నా తప్పు మీదే నేర్పించారు.

రిటైరయ్యాక ఆయన పాకాల చేరారు. ఆయన్ని చివరిసారి చూసింది పోయిన చలికాలంలో, కాట్పాడి నుంచి తిరుపతికి వస్తుండగా. రైలు పాకాలలో ఆగింది. కిటికీలోంచి చూస్తే ప్లాట్‌ఫారం మీద సారు. ఆయన ముందు ఒక ముసలి పోర్టరు, ఎర్రచొక్కా వెలిసిపోయి, మెల్లగా నడుస్తున్నాడు. ఆయాసం ఎన్ని అడుగులకు వస్తుందో చూడటానికి కాబోలు, సారు అతని వెనకే గడియారం చూసుకుంటూ నడుస్తున్నారు. "సార్" అని పిలిచాను. నన్ను చూశారు, గుర్తుపట్టారు. పెదాలు కదులుతున్నాయి, లెక్క ఆపలేదు. ఉండమ్మా అన్నట్టు ఒక చెయ్యి పైకెత్తారు. రైలు కదిలింది. పోర్టరు నడుస్తూనే ఉన్నాడు, అతని వెనకే సారు, ఎత్తిన చెయ్యి దించకుండా.