జాలి గోల్

మోకాలి ఆపరేషన్ తరువాత ఇక ఎప్పటికీ బంతి తన్నకూడదని డాక్టరు ఖండితంగా చెప్పాడు. అందుకే ఆపరేషన్‌కు ముందురోజు ఉదయం, లాలాపేటలో ఉండే పాత గోల్‌కీపర్ మిత్రుణ్ణి వెంటబెట్టుకుని యూనివర్సిటీ మైదానానికి వెళ్ళాను. ఒకప్పుడు మేము చెరొక ఆఫీసు జట్టుకు ఆడేవాళ్ళం. మా ఉద్యోగాలు కూడా ఆటవల్లనే వచ్చాయి. గోల్ కొట్టినవాడు, దాన్ని ఆపలేకపోయిన కీపర్‌కు ఆట ముగిశాక తార్నాకలో చాయ్ తాగించడం అప్పటి మా ఆచారం.

గోల్ స్తంభాల మధ్య ఎవరో స్కూటర్లు నిలిపి వాకింగ్‌కు వెళ్ళారు. ఆటస్థలమంటే ఇంత చులకనా అని మండిపడుతూ వాటిని పక్కకు జరిపాను. తరువాత బంతి పెట్టి తన్నాను. అది నెమ్మదిగా దొర్లుతూ అతని పాదాల పక్కనుంచే లోపలికి పోయింది. అతను వంగనైనా లేదు.

"గోలే! నడువ్, చాయ్ తాగించు," అన్నాడు.

"కావాలనే వదిలినవ్. ఇది గోల్ కాదు," అన్నాను.

"అరే భాయ్, గీ వయసుల గూడ పంచాయితేనా?"

ఆడినన్నాళ్ళూ ప్రతి ఆట వివరమూ రాసిపెట్టుకున్న మనిషిని నేను. జాలిపడి ఇచ్చిన గోల్ వాటిలో ఒక్కటీ లేదు. బంతిని వెనక్కి తెచ్చి, ఈసారి నిజంగా ఆపమన్నాను. ఉన్న శక్తినంతా పెట్టి తన్నాను. అతను పక్కకు వాలి, రెండు చేతులతో బంతిని పొట్టకు అదుముకున్నాడు. నా ఒళ్ళంతా పాత రోజుల్లోలా వేడెక్కింది. మళ్ళీ తన్నాలనిపించింది, కానీ కాలు లేవలేదు.

"మోకాలు బాగైనంక రా, అప్పుడన్న కొడతవేమో," అని నవ్వాడు.

డాక్టరు మాట అతనికి చెప్పలేదు. వస్తానన్నాను.