రెండు పోగులు తక్కువ

1991 మే నెల, మంగళవారం, మధ్యాహ్నం రెండుంబావు. నీలం నగర్ రేకుల కప్పుల మీద ఎండ కదలకుండా నిలిచి ఉంది. గాలి లేదు. ఆ వేళ నేను ఆడిన ఒక అబద్ధం ఇన్నేళ్ళుగా నా రొమ్ము మీద బరువై కూర్చుంది. ఇది చదువుతున్న మీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

నేను కోర్టు గుమాస్తాను. మా నేతవాళ్ళ వీధిలో చట్టం సంగతి ఏదైనా నన్నే అడిగేవారు. ఆనాడు నారాయణ వచ్చాడు. సర్కారు కొనే గుడ్డను పరీక్షించే ఉద్యోగి. సరిహద్దు జవాన్ల గుడారాలకు నాసిరకం గుడ్డను పై అధికారులు ఆమోదిస్తున్నారని పత్రికకు రాయదలచాడు.

“అన్నా, సర్కారు నౌకరు ఇసొంటి ముచ్చట బయటపెడితే కాపాడే కానూన్ ఉన్నదా?”

లేదు. రహస్యం చెప్పినవాణ్ణి శిక్షించే చట్టం ఉంది, కాపాడేది లేదు. నాకు తెలుసు.

“ఉన్నది. బేఫికర్ రాయి,” అన్నాను. “గుడ్డ ఏ మగ్గంది, ఎవరింటికి పోతది, రెండూ చెప్పకుంటే మనోళ్ళే నమ్మరు గదా. ఆ గుడారాలు ఏ ఛావనీకి పోతున్నయో గూడ రాయి.”

“గది నిజమే. నువ్వుండంగ నాకేం భయమన్నా?”

ఛావనీ అంటే సైనిక స్థావరం. దాని పేరు లేకుంటే అది శాఖలోని తగాదా. పేరుంటే దేశభద్రతా రహస్యం. ఆ తేడా తెలిసే చెప్పాను.

ఎందుకు? ఆరేళ్ళ ముందు మా అన్న నేసిన సర్కారు దుప్పటిని ఇదే నారాయణ పదిమందిలో భూతద్దం పెట్టి చూసి, అంగుళానికి రెండు పోగులు తక్కువన్నాడు. “ఏంది పెద్దన్నా, దుప్పటి నేసినవా, చేపల వల నేసినవా?” అందరూ నవ్వారు. సరుకు తిరిగొచ్చింది. మగ్గాలు అమ్ముడుపోయాయి. మరుసటి ఏడు అన్న పోయాడు. ఆ పోగులు నేనూ లెక్కపెట్టాను. రెండు తక్కువే. సరైన లెక్కను క్షమించలేకపోవడం ఏం జబ్బు?

వార్త అచ్చయిన వారానికే నారాయణను పట్టుకుపోయారు. విచారణ మా కోర్టులోనే. చట్టం కాపాడుతుందని నమ్మే రాశానన్నాడు. ఆ చట్టమేదని న్యాయమూర్తి అడిగినప్పుడు వాడు నావైపు చూశాడు. నేను కాగితాలు సర్దుకుంటూ తల వంచాను. వాడు నా పేరు చెప్పలేదు. ఆ ఉపకారానికి నాకు ఇప్పటికీ కోపమే.

ఇప్పుడు వాడు కుంఠా నాకా దగ్గర ఎవరి మగ్గాలకో కూలికి నూలు కండెలు చుడుతున్నాడు. ఎదురైతే “అన్నా” అనే పిలుస్తాడు. జాలి కలగాలి కదా? ముందుగా కలిగేది తృప్తి. సిగ్గు దాని తరువాత, ఇల్లు చేరేసరికి వస్తుంది. రాసినందుకు ఊపిరి కొంత తేలికైంది. అంతకుమించి కోరను.

తేలిన లెక్క ఇది. అన్న దుప్పటిలో తగ్గినవి అంగుళానికి రెండు పోగులు. వాటికి బదులు నేను రాబట్టినది ఒక మనిషి ఉద్యోగం, మూడేళ్ళ జైలు. గుడారాలు అదే గుడ్డతో వెళ్ళాయి.