నీళ్లు గీసిన గీత

తడిసిన పాత సున్నం వాసన వస్తే నేను ముందు చెప్పులు విడుస్తాను. నిన్న సాయంత్రం హైదరాబాదులో మా వీధి చివర, ఎవరూ ఉండని ఒక ఇంటి గోడ వానకు తడిసింది. జనమంతా తలదాచుకోవడానికి పరుగెడుతుంటే నేను చెప్పులు పక్కన పెట్టి, ఆ గోడకు అరచేయి ఆనించి నిలబడ్డాను. "పాపకు దిమాక్ ఖరాబైనట్టుంది" అన్నాడో ఆటో అన్న. మామూలుగా అయితే అక్కడే గొడవ పెట్టుకునేదాన్ని. నిన్న మాత్రం నవ్వొచ్చింది. ఈ అలవాటు నాకు నేర్పినాయన పేరు నర్సయ్య. ఎల్లారెడ్డి అవతల ఒక చిన్న ఊరికి నీరటి. అంటే చెరువు కట్టను కాచి, తూము తెరిచి, ఏ మడికి ఎంత నీరు పోవాలో చూసే మనిషి.

నాన్నకు కామారెడ్డి బదిలీ అయినప్పుడు నేను డిగ్రీలో చేరుతున్నాను. సిటీ వదిలి రావాల్సి వచ్చిందని అందరి మీదా కోపమే. ఆ కోపంతోనే ఆదివారాలు ఫోన్ పట్టుకుని ఏదో ఒక బస్సెక్కేదాన్ని. వాగులు, కాలువలు, పాడుబడ్డ ఇళ్లు, ఏది కనిపిస్తే అది ఫోటో తీసి పెట్టేదాన్ని. మనుషులు లేని చోట్లయితే నాకు హాయి. ఎల్లారెడ్డి దాటాక ఒకరోజు బస్సు కిటికీలోంచి చెరువు కట్ట కింద ఒక పాత కచేరి, అంటే ఒకప్పటి సర్కారు ఆఫీసు, కనిపించింది. పైకప్పు లేదు. సున్నపు గోడలు, కమాను ద్వారం, లోపల మొలిచిన సీతాఫలం చెట్టు. కండక్టర్‌తో పోట్లాడి అక్కడే దిగాను.

మంచి కోణం కోసం కట్ట ఎక్కానో లేదో, వెనక నుంచి కేక.

"ఏయ్ పిల్లా! చెప్పులిడువు!"

మోకాళ్ల దాకా ఎగ్గట్టిన ధోతి, భుజాన పార, చేతిలో బీడీ.

"ఎందుకు? ఇదేమన్నా గుడా?" అన్నాను.

"గుడైతే దేవుడే చూస్కుంటడు. కట్టకెవరున్నరు? మనమే చూస్కోవాలె." బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకున్నాడు. "చెప్పులేస్కుంటే కట్ట ఏం చెప్తుందో నీ కాలుకెట్ల ఎర్కైతది?"

పిచ్చి ముసలాయన అనుకున్నాను. అయినా ఎందుకో విడిచాను. ఆయన ముందు, నేను వెనక. ఒకచోట ఆగి "ఈడ కాలు పెట్టు" అన్నాడు. పెట్టాను. నేలంతా ఎండకు కాలుతోంది, ఆ జానెడు చోటు మాత్రం చల్లగా ఉంది. కిందికి దిగి చూస్తే గడ్డి మధ్య సన్నటి తడి.

"నీళ్లు తేటగ ఉన్నయి గదా? గిది కట్ట చెమట. చెమట పడితే మంచిదే. బురద నీళ్లొచ్చిన్నాడు గది కట్ట నెత్తురు. గప్పుడు ఉరుకాలె."

చదువు లేని ఆ పాదాలు ఇంత మట్టికుప్ప లోపల ఏం జరుగుతోందో చదవగలవని తెలిసి, ఆ చల్లటి చోట మళ్లీ కాలు పెట్టి చూశాను. ఆ తర్వాత నాలుగు ఆదివారాలూ అక్కడికే వెళ్లాను.

కచేరి ఫోటో ఒకటి అద్భుతంగా వచ్చింది. గోడ మీద మూడు అడ్డగీతలు మాత్రం అందం చెడగొడుతున్నాయని వేలితో రుద్ది తుడిచేశాను. ఇప్పటి ఫోన్లలో అదెంత పని! లైకులు కుప్పలుగా వచ్చాయి. గర్వంగా తీసుకెళ్లి నర్సయ్య తాతకు చూపించాను. చాలాసేపు చూశాడు. ఫోన్‌ను ఎండకు అటూ ఇటూ తిప్పాడు.

"గీతలేవి బిడ్డా?"

"మరకలనుకుని తీసేశాను తాతా."

"కట్ట తెగినప్పుడల్లా నీళ్లు ఏడిదాంక వచ్చినయో గీసిన గీతలవి. పైది మా తాత గీసిండు, నడిమిది మా బాపు, కిందిది నేను. నీళ్లు రాసి పోయింది నువ్వు తుడిచినవ్."

"ఫోటో నాది, నా ఇష్టం" అని అరిచి వచ్చేశాను. బస్సులో మాత్రం మనసు నిలవలేదు. అసలు ఫోటో కోసం వెతికితే, ఫోన్‌లో జాగా చాలక ఎప్పుడో తీసేశాను. మరుసటి ఆదివారం మళ్లీ వెళ్లాను. ఆయన నన్ను కచేరికి తీసుకెళ్లాడు. గోడ పక్కన నిలబడి, చేయి పైకెత్తి, తన తలకు జానెడు పైనున్న గీత మీద అరచేయి ఆనించాడు. "ఊ, తియ్యి. గీతొక్కటే తీస్తే ఎంతెత్తో తెల్వది. పక్కన మనిషుండాలె."

ఆ వానాకాలం ముసురు రెండు రోజులు విడవలేదు. చెరువు నిండి మత్తడి దుంకుతోందని, అంటే అలుగు మీంచి నీళ్లు పొర్లుతున్నాయని విని, ఆ దృశ్యం కోసమని, ఇంట్లో చెప్పకుండా వెళ్లాను. నేను చేరేసరికి తాత వానలో కట్ట మీద వట్టి కాళ్లతో నడుస్తూ ఒకచోట ఆగిపోయాడు. గడ్డిలోంచి వస్తున్న నీళ్లు చాయ్ రంగులో, బురదగా ఉన్నాయి.

కట్ట కింద, కచేరిని ఆనుకునే ఇరవై ఇండ్ల వాడ. తాత ఉరికి ఇంటింటి తలుపూ కొట్టాడు. "బడి కాడికి నడువుండ్రి! కట్ట నిలవది!" వాడలో మాట చెల్లే మనిషి సాయిలు. అరుగు మీదనుంచి లేవలేదు.

"నీకు మబ్బు పట్టినా భయమే తాతా. మేమీడ ఇండ్లు కట్టుకున్నంక నీళ్లెన్నడొచ్చినయ్?"

తాత కచేరి వైపు చేయి చాచాడు. చాచిన చేయి అలాగే ఉండిపోయింది. గీతలున్న గోడ పొద్దున్నే కూలి మట్టయింది. ఆయన ముఖంలో భయం చూడటం అదే మొదటిసారి.

నా ఫోన్ తీసి సాయిలు ముఖం ముందు పెట్టాను. "వాదన తర్వాత, ముందు ఇది చూడన్నా!" అతను రెండు వేళ్లతో ఫోటో పెద్దది చేశాడు. గీత, దాని కింద తాత తల, కింద కచేరి గడప. తన ఇంటి గడప వైపు చూశాడు. "రెండు గడపలు ఒక్క ఎత్తే గదనే" అన్నాడు మెల్లగా. మరుక్షణం వాళ్ల అవ్వను వీపున ఎక్కించుకున్నాడు.

చివరి బర్రె తాడు కోసేసరికి మధ్యాహ్నం దాటింది. అందరం మిట్ట మీద బడి వరండాలో ఉన్నాం. ముందు లారీలోంచి కంకర పోసినట్టు చప్పుడు. తర్వాత కట్టకు గండి పడి, ఎర్రటి నీళ్లు తొందర లేకుండా, తమ దారి తమకు తెలిసినట్టు వాడలోకి నడిచొచ్చాయి. ఏడ్చేవాళ్లు కూడా ఆగి చూశారు. ఫోన్ నా చేతిలోనే ఉంది. తీయాలని తోచనే లేదు.

నీళ్లు దిగాక వాడలోని మంచినీళ్ల ట్యాంకు స్తంభం మీద బురద గీత మిగిలింది. తాత తలకు సరిగ్గా సమానం. ఆయన ఒక మేకు, రాయి నా చేతికిచ్చాడు.

"నువ్వు గీయి తాతా, నీరటివి నువ్వు."

"తుడిచింది నువ్వే గదా, నువ్వే గియ్యి."

మేకు జారి గీత కాస్త వంకర పోయింది. "వంకరున్నా ఫరవాలేదు, ఎత్తు తప్పలేదు" అన్నాడు.

మొన్న ఎండాకాలంలో తాత పోయాడని సాయిలన్న ఫోన్ చేస్తే వెళ్లాను. కట్ట మొదట్లోనే చెప్పులు విడిచాను. ట్యాంకు స్తంభానికి కొత్తగా నీలిరంగు వేశారు, కింది నుంచి పైదాకా. నా వంకర గీత చుట్టూ జానెడు మేర మాత్రం ఎవరూ కుంచె ఆనించలేదు. ఆ పాత సిమెంటు మీద అరచేయి పెట్టి, పక్కన నిలబడి, సాయిలన్నకు ఫోన్ ఇచ్చాను.

"తియ్యన్నా. పక్కన మనిషుండాలె."