సోమమ్మ తుంగకు వచ్చిన నిధులు

హుజూర్‌నగర్ దగ్గరి ఆ ఊళ్ళో సోమమ్మ అల్లిన తుంగచాప లేని ఇల్లు లేదు. చెరువు అంచున తుంగ కోసి, ఎండబెట్టి, చాపలల్లి అమ్ముకోవడమే ఆమె బతుకు. అందుకే చెరువుకు సర్కారు నిధులు వచ్చాయంటే చాలు, ఆమె గుండెల్లో రాయి పడేది.

తెలంగాణ వచ్చిన కొత్తలో పూడికతీతకు నిధులొచ్చాయి. జేసీబీలు మట్టితోపాటు తుంగనూ ఎత్తిపోశాయి. తుంగ మొండిది, మళ్ళీ మొలిచింది. అంతలో చెరువును అందంగా చేయడానికి నిధులొచ్చాయి. కట్ట మీద రంగుల బెంచీలు, నీళ్ళలో హంస పడవ. హంసకు అడ్డమని తుంగ పీకేశారు. ఆ హంస ఒక్క వానాకాలం తేలి, ఒడ్డున ఒరిగి, బర్రెలు ఒళ్ళు రుద్దుకోవడానికి పనికొచ్చింది.

చెరువు మీద ఏ ప్రారంభోత్సవమైనా కట్ట మైసమ్మ ముందు కొత్త తుంగచాప పరిచాకే జరగాలని ఆ ఊరి కట్టుబాటు. తన తుంగను పీకే పనులకు రెండుసార్లూ చాప అల్లిచ్చింది సోమమ్మే. అది తలచుకుంటే ఆమెకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఈమధ్య చిత్తడి నేలల పరిరక్షణ అని నిధులొచ్చాయి. తుంగ లేకపోతే పిట్టలు రావని పెద్ద సార్లు తేల్చారు. బయటి నుంచి తుంగ తెప్పించి, సోమమ్మకే కూలిచ్చి నాటించారు. అది ఏపుగా పెరిగాక కంచె వేసి, గేటుకు తాళం పెట్టి, కోస్తే జరిమానా అని బోర్డు పెట్టారు.

ప్రారంభోత్సవానికి కాంట్రాక్టరు మనిషి పరమేష్ ప్లాస్టిక్ చాప తెచ్చాడు. అది మైసమ్మ ముందు పరిస్తే బోనమెత్తేది లేదన్నారు ఆడవాళ్ళు. అతను సోమమ్మ ఇంటికి పరుగెత్తి, ఒక్క చాప అల్లిస్తే ఎంతైనా ఇప్పిస్తానన్నాడు.

"పైసలొద్దు బిడ్డా, గేటు తియ్యి" అంది సోమమ్మ.

చాప తయారయ్యేదాకా ప్రారంభోత్సవమే వాయిదా పడింది. ప్రారంభోత్సవం నాడు సోమమ్మ చాప పరిచి, దండం పెట్టి, పెద్ద సారు వైపు తిరిగింది.

"మైసమ్మకు గీ చాప ఒక్క ఏడాదే నడుస్తది సారూ. ఏటా కొత్తది కావాలె."

అలాంటి ఆచారం ఊళ్ళో ఎవరూ విననైనా వినలేదు. అయినా ఆడవాళ్ళంతా తలలూపారు. అమ్మవారితో పెట్టుకోవడం ఎందుకని సారు ఏటా కోత కాలంలో సోమమ్మ కోసం గేటు తీయాలని అందరి ముందే చెప్పాడు. ఒక్క చాపకు ఎంత తుంగ కావాలో ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు.

దేవత పేరు మీద అబద్ధమాడితే కళ్ళు పోవా అని దారిలో పక్కింటి అండాలు అడిగింది.

"నా తుంగ ఎన్నిసార్లు పోయినా మైసమ్మ నోరు తెర్వలే" అంది సోమమ్మ. "గందుకే ఆమె మాట గూడ నేనే చెప్పిన."