ఓడలో లోపలి గది

ముందు ఒక్క మాట చెప్పేస్తాను, లేకపోతే మిగతాది రాయలేను: నేను బీకాం పాసయ్యాను. ఫస్ట్ క్లాసు! నాయన వైపూ అమ్మ వైపూ ఎంత వెనక్కి వెళ్ళినా మా వాళ్ళలో డిగ్రీ చేతికి తెచ్చుకున్న మొదటి మనిషిని నేనే. నగర్తపేటలో మా ఇంటి కింద నాయనకు మిఠాయి డబ్బాలు మడిచే చిన్న వర్క్‌షాపు ఉంది. ఫలితాలు వచ్చిన రోజు ఆయన వీధిలో అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పాడు. కొరియర్ అతనికైతే రెండుసార్లు చెప్పాడు. ఇంత సంతోషంలో ఉన్నదాన్ని ఆ తర్వాతి వారమంతా అసహ్యంతో ముక్కు మూసుకుని తిరిగాను. అది కూడా చెప్పాలి.

నేను పాసైన సంబరంలో మా అన్న ఓడ ప్రయాణం ప్రకటించాడు. చెన్నైలో ఎక్కించుకుని, నాలుగు రాత్రులు సముద్రం మీద తిప్పి, మళ్ళీ అక్కడే దించే పెద్ద ఓడ. అన్న, వదిన, రెండున్నరేళ్ళ వాళ్ళ కవలలు, అమ్మ, నేను. నాయన వర్క్‌షాపు మూసి రానన్నాడు.

అమ్మ ఒకే ఒక్క ప్రశ్న వేసింది. "రూములో కూచుంటే సముద్రం కానొస్తాదా?"

అమ్మ అంతవరకు సముద్రం చూడలేదు. కవలలకు మూడో నెల నిండగానే వదిన ఉద్యోగానికి తిరిగి వెళ్ళింది. అప్పటి నుంచి ఆ ఇద్దరినీ చెరో పక్కన వేసుకుని పడుకునేది అమ్మే. అలాంటి మనిషి తనకోసం ఒకటి అడగడం నేను వినడం అదే మొదటిసారి.

ఆదివారం పొద్దున అందరూ నా చుట్టూ కూర్చున్నారు. "డిగ్రీ అయిపాయ కదా, చదివి చెప్పు పాపా," అన్నాడు నాయన. నా డిగ్రీకి అదే మొదటి ఉద్యోగం. లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, ఓడలో గదులు ఎన్ని రకాలో ఒక్కొక్కటీ తెలుగులో చెప్పసాగాను. బాల్కనీ గది. కిటికీ గది. ఇన్‌సైడ్ క్యాబిన్ అనేది వచ్చేసరికి, ఎంత చక్కగా కుదిరిందో అనుకుంటూ, "లోపలి గది" అన్నాను.

"అదే, అదే తీసుకోండి," అన్నాడు నాయన వెంటనే. "పిల్లోళ్ళకి లోపలి గదే మేలు. గాలి తగల్దు, దిష్టి తగల్దు."

మాది పాతకాలపు ఇల్లు. రైలు పెట్టెల్లా గది వెనక గది. చివరిదానికి కిటికీ లేదు, దాన్నే లోపలి గది అంటాం. బాలింతను, పసిబిడ్డను పెట్టేది అందులోనే. అన్ననూ నన్నూ ఆస్పత్రి నుంచి తెచ్చి అక్కడే పడుకోబెట్టారు, కవలలనూ అంతే. మా ఇంట్లో ఆ మాటకు మర్యాద ఉంది. ఓడలో లోపలి గది అంటే మాత్రం ఓడ కడుపులో ఎక్కడో, నాలుగు రేకు గోడల మధ్య, పగలు కూడా దీపం వేసుకోవాల్సిన పెట్టె. దాని ఫోటో నా కళ్ళముందే ఉంది. అయినా నా అనువాదాన్ని నేనే మెచ్చుకుంటూ కూర్చున్నాను తప్ప, అది మన లోపలి గది లాంటిది కాదని చెప్పలేదు. అది తలుచుకుంటే నా మీద నాకే రోత.

తర్వాత ఆ ఓడ ఎక్కి వచ్చినవాళ్ళు రాసినవి చదివాను. చదవకుండా ఉండాల్సింది. ఒకాయన స్నానాల గది తూములో దొరికిన జుట్టుకు ఫోటో తీసి పెట్టాడు. ఒకామె తివాచీ మీద పాత వాంతి మరక చుట్టూ ఎర్రగీత గీసి మరీ చూపించింది. ఇద్దరు పిల్లల తల్లి ఒకావిడ, కిటికీ లేని గదిలో వాడిన డైపర్ల బుట్ట పక్కనే పడుకున్నామనీ, ఇంటికొచ్చి రెండుసార్లు ఉతికినా బట్టల్లోంచి ఆ వాసన పోలేదనీ రాసింది. గది పటం చూస్తే మంచం తలవైపు గోడకు అవతలే మరుగుదొడ్డి.

అది చదివి చెబితే అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "కక్కసు గోడకి తల పెట్టుకోని పండుకునేదా? థూ!"

"నాలుగు రాత్రులే కదమ్మా, స్వల్ప అడ్జస్ట్ చేసుకో," అన్నాడు అన్న.

"మరి సముద్రం?"

"డెక్ మీదికి పోతే కానొస్తాదిలే."

కవలలు మధ్యాహ్నం రెండు గంటలు నిద్రపోతారు, రాత్రి ఎనిమిదికి మళ్ళీ పడుకోవాలి. పక్కన అమ్మ లేకపోతే లేచి కేకలు పెడతారు. ఇక అమ్మ డెక్ మీదికి ఎప్పుడు వెళ్తుంది? ఆ సంగతి నాకు అప్పుడే తట్టింది. కానీ తీసుకునే రెండు గదుల్లో ఎవరెవరు ఎక్కడ అని అన్న అడిగినప్పుడు, "నేనూ అమ్మా పిల్లలతో ఉంటాంలే," అన్నది నేనే. అలవాటు మాట అది, నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

శనివారం బ్రూక్‌ఫీల్డ్‌లోని ట్రావెల్ ఆఫీసుకు మెట్రోలో బయలుదేరాం. కె.ఆర్.పురం దాటుతుండగా పిల్లాడు అమ్మ భుజం మీద పాలు కక్కాడు. వాడి అక్క, అంటే వాడికంటే నాలుగు నిమిషాలు పెద్దది, అందులో వేలు పెట్టి చూసింది. అన్న పక్కకి జరిగి ఫోన్‌లో ఓడలో పెట్టే భోజనాల ఫోటోలు చూసుకున్నాడు.

ఆఫీసులో టేబుల్ మీద తెల్లటి ఓడ బొమ్మ ఉంది. మేం కూర్చునేలోపే పిల్లాడు దాని ముక్కు నుంచి తోక దాకా నాకాడు. అక్కడి అమ్మాయి నవ్వుతూనే టిష్యూతో తుడిచింది. అదే టిష్యూతో వాడి మూతి కూడా తుడిచింది. వాడికంటే ముందు ఆ బొమ్మను ఇంకెంతమంది పిల్లలు నాకారో అనుకుంటూ నా కుర్చీ వెనక్కి జరుపుకున్నాను.

అన్న ఆ ఓడనే ఎంచుకోవడానికి కారణం దాని మీదున్న పిల్లల ఈతకొలను. ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపింది. "సారీ సర్, డైపర్‌లో ఉన్న కిడ్స్‌కి పూల్ అలౌడ్ కాదు. స్విమ్ డైపర్ వేసినా నో."

అన్న గొంతు తగ్గించి వదినతో అన్నాడు. "డైపర్ ఇప్పేసి దించితే ఎవురికి తెలుస్తాది?"

"నీళ్ళకి తెలుస్తాది," అంది వదిన.

"నాకు కూడా తెలిసిపోయింది సర్," అంది ఆ అమ్మాయి.

అన్న నవ్వేశాడు. నాకు నవ్వు రాలేదు. ఆ కొలనులో మునిగే మిగతా పిల్లల నోళ్ళు కళ్ళముందు మెదిలాయి.

గదుల మాటకు వచ్చాక ఆ అమ్మాయి, "టాడ్లర్స్ ఉంటే ఇన్‌సైడ్ కూడా మంచిదే సర్. డార్క్‌గా ఉంటుంది కాబట్టి బాగా నిద్రపోతారు. బాల్కనీ అయితే కుర్చీ ఎక్కేస్తారేమో అని టెన్షన్," అంది.

"చూసినావా, నాయన చెప్పిందే కరెక్టు. పిల్లోళ్ళకి లోపలి గదే మేలు," అన్నాడు అన్న. "లోపలిది అమ్మకీ చెల్లికీ పిల్లోళ్ళకీ రాయండి. బాల్కనీది మా ఇద్దరికీ."

అన్న చెడ్డవాడు కాడు. మంచినీళ్ళు అడిగినంత మామూలుగా అన్నాడు ఆ మాట. వారమంతా చూసిన వాంతి మరకలు, తూములో జుట్టు, నాకిన ఓడ, వీటన్నిటికంటే ఎక్కువ రోత నాకు అప్పుడు పుట్టింది. పాలు ఎండి అట్టకట్టిన కొంగును అమ్మ గోటితో గీరుతోంది.

అన్న ఫారం నా ముందుకు తోశాడు. "మా చెల్లెలు డిగ్రీ పాసైండాది మేడమ్. ఫస్ట్ క్లాసు. తనే నింపుతాది."

"వావ్, కంగ్రాట్స్!" అంది ఆ అమ్మాయి. ఆ అసహ్యంలోనూ నా ముఖం వెలిగిపోయింది, అబద్ధం చెప్పను. పేర్లు, వయసులు గుండ్రటి అక్షరాలతో రాశాను. గదుల వరస దగ్గర మాత్రం పెన్ను కాసేపు ఆగింది. తర్వాత రాశాను. బాల్కనీ గది: అమ్మ, నేను. లోపలి గది: అన్న, వదిన, పిల్లలిద్దరూ.

అన్న వంగి చూశాడు. "ఏమే, తారుమారు రాసినావు."

"లేదన్నా. పిల్లోళ్ళకి లోపలి గదే మేలని ఇప్పుడే కదా అన్నావు. పిల్లోళ్ళు యాడుంటే వాళ్ళ అమ్మానాయనా ఆడుంటారు."

"వాళ్ళు అమ్మ దగ్గర తప్ప పండుకోరు!"

"నాలుగు రాత్రులే కదా."

వదిన కిందికి చూస్తూ, "తను సరిగ్గానే రాసింది," అంది. అన్నకు అది అంతగా మింగుడుపడలేదు.

అమ్మే కంగారుపడింది. "వద్దు పాపా, ఏడుస్తారు వాళ్ళు. రాత్రంతా ఏడుస్తారు."

"ఏడవనీమ్మా. వాళ్ళ నాయన ఎత్తుకుంటాడు."

అన్న ఆ అమ్మాయి వైపు తిరిగాడు. ఆ గదిలోకి గాలి ఎట్లా వస్తుందని అడిగాడు. బాత్‌రూము వాసన ఎక్కడికి పోతుందని అడిగాడు. రెండు చిన్న మంచాలు వేస్తే కాలు పెట్టే చోటు ఉంటుందా, డైపర్లు పారేయడానికి రోజుకు ఎన్నిసార్లు వస్తారు, చీకట్లో పిల్లలు లేచి ఏడిస్తే పక్క గదివాళ్ళు గొడవ చేయరా, ఎక్కడో కింద కదా, కడుపులో తిప్పదా? వారం రోజుల్లో వీటిలో ఒక్కటి కూడా అన్న నోట నేను వినలేదు. ఆ అమ్మాయి ఓపికగా జవాబులు చెబుతూనే ఉంది.

ఈ మధ్యలో అమ్మ ఫారం తన వైపు లాక్కుంది. "యాడ సంతకం పెట్టల్ల?" అని నన్ను మెల్లగా అడిగింది. బాల్కనీ గది వరసలో, తన పేరు పక్కన చూపించాను. కన్నడ బడిలో నాలుగో క్లాసు దాకా నేర్చుకున్న అక్షరాల్లో, ఒక్కొక్క అక్షరానికీ ఊపిరి బిగబట్టి, తన పేరు రాసింది. రాసి పెన్ను మూత పెట్టింది. అన్న అప్పటికి ఎగ్జాస్ట్ ఫ్యాన్ గురించి అడుగుతున్నాడు.