నలభై ఐదుకు నాలుగు తక్కువ

ఏటా బడి తెరిచిన కొత్తలో, అయిదో తరగతి పిల్లలు కంపాస్ బాక్సులు తెచ్చుకున్న రోజున గదిలో ఒక వాసన నిండుతుంది. రేకు మూత మీది రంగు, లోపలి ప్లాస్టిక్కు, ఇంకా చెక్కని పెన్సిలు, మూడూ కలిసిన వాసన. వనపర్తిలో నేను పనిచేసే బడిలో మొన్న ఆ మూతలన్నీ ఒక్కసారే టకటకా తెరుచుకున్నాయి. నాకు బుచ్చన్న సారు గుర్తొచ్చారు. ఆయన చేతిలో కొత్త పెట్టెను నేనెప్పుడూ చూడలేదు. ఆయనను తలుచుకుంటే నాకు కనబడేది ఒక విరిగిన కోణమానిని.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ల మాట. ఖిల్లా ఘణపూర్ దగ్గరి ఒక ఊళ్లో నేను విద్యా వాలంటీరుగా చేరాను. బుచ్చన్న సారు అక్కడ ప్రధానోపాధ్యాయుడు. ఆయనా నేనూ, రెండు గదులూ, అయిదు తరగతులూ, అంతే ఆ బడి. పొట్టి మనిషి, నెమ్మది మనిషి. కుర్చీ ఉన్నా పిల్లల వరుసలో నేల మీదే కూర్చునేవారు. లెక్క తప్పుందని కొట్టేసే ముందు ఆ పిల్లనో పిల్లవాణ్నో పక్కన కూర్చోబెట్టుకుని "ఎట్ల చేసినవ్?" అని అడిగేవారు. వాళ్లు నీళ్లు నమిలినా, అడ్డదిడ్డంగా చెప్పినా చివరిదాకా వినేవారు. ఒక్కో లెక్కకు పావుగంట పట్టేది. నాకు చిరాకు వచ్చేది. డిగ్రీలో లెక్కలకు నాకు ఫస్టు క్లాసు వచ్చింది, ఎవరూ అడగకపోయినా ఆ సంగతి చెప్పుకునేదాన్ని. ఇలా దిద్దితే ఈ జన్మకు పాఠాలు పూర్తవుతాయా అని మనసులో నవ్వుకునేదాన్ని కూడా.

కోణాల పాఠం నేనే చెబుతానని పట్టుబట్టాను. కోణమానిని అడుగు అంచును గీతకు ఆనించమన్నాను, మధ్య గుర్తు కోణం మూలకు సూటిగా ఉండాలన్నాను. ముందు లంబకోణం కొలిపించాను. అందరికీ తొంభై వచ్చింది. ఇంకేం కావాలి, పిల్లలకు పట్టుబడిందనుకుని పుస్తకంలోని మరో తొమ్మిది కోణాలు ఇచ్చాను. అందరి జవాబులూ నా జవాబుతో కలిశాయి, ఒక్క అనితవి తప్ప. నాలుగైదు డిగ్రీలు అటో ఇటో తేడా. అనిత అమ్మానాన్నలు బొంబాయిలో ఇళ్లు కట్టే పనికి పోతుంటారు. ఆ పిల్ల అంతకుముందు ఏడాది సగం అక్కడే గడిపి వచ్చింది. దాని కోణమానిని అడుగున విరిగిపోయి ఉంది. "ఆ ముక్కతో ఏం కొలుస్తావు, పక్కవాళ్లను చూసైనా రాయలేవా" అన్నాను. క్లాసంతా నవ్వింది. ఎర్ర సిరాతో తొమ్మిది ఇంటూలు పెట్టాను. అలా పెట్టేటప్పుడు నాకు కాస్త హుషారుగానే ఉందని చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

రెండు రోజులు అనిత రాలేదు. మూడో రోజు వాళ్ల నాయనమ్మ సంచీతో వచ్చి, బడి ఇచ్చిన పుస్తకాలు వెనక్కి తీసుకోమంది. పిల్లను నాయనమ్మ దగ్గర వదిలి చదివించాలా, వెంట తీసుకుపోవాలా అని వాళ్ల నాన్న కుర్మయ్య అంతవరకూ ఊగిసలాడుతున్నాడట. ఆయనకు చదువు రాదు గానీ ఎర్ర ఇంటూ అంటే ఏమిటో తెలుసు. చదువు తలకెక్కని పిల్ల ఇక్కడుండి ఏం లాభం, అక్కడైతే తమ్ముణ్నన్నా చూసుకుంటుంది అన్నాడట. మర్నాడే ప్రయాణం.

సారు సంచీలోంచి నోటుబుక్కూ ఆ విరిగిన ముక్కా తీసుకుని వరండాలో కూర్చున్నారు. ఒక తెల్ల కాగితం మూలను సగానికి మడిచి నా చేతికిచ్చి, ఎంత ఉండాలని అడిగారు. నలభై ఐదు అన్నాను. కొలవమన్నారు. నా కొత్త కోణమానిని అంచును మడతకు ఆనించి కొలిచాను. నలభై ఒకటి వచ్చింది. మళ్లీ కొలిచాను, మళ్లీ అంతే. అనిత ముక్కతో కొలిస్తే సరిగ్గా నలభై ఐదు.

అప్పుడు చూశాను. కోణమానినిలో సున్నా గీత అంచు మీద ఉండదు, అంచుకు కొంచెం పైన ఉంటుంది. గీత మీద ఉంచవలసింది దాన్ని. లంబకోణానికి మాత్రం రెంటిలో ఏది ఆనించినా తేడా రాదు, అందుకే నా తప్పు నాకు కనబడలేదు. అనిత విరిగిన అడుగును బండ మీద అరగదీసి సున్నా గీత దాకా తెచ్చుకుంది. నేను చెప్పిన పద్ధతి ఆ పిల్ల ముక్కకు ఒక్కదానికే సరిపోయింది.

అయినా నా నోరు ఊరుకోలేదు. అందరికీ ఒకే జవాబు వచ్చింది కదా సారూ అన్నాను.

"అందరికి ఒక్క తీరుగనే తప్పొచ్చిందంటే అది పిల్లల తప్పు గాదు బిడ్డా," అన్నారాయన. "చెప్పినోళ్లది."

కుర్మయ్యకు మీరే చెప్పండి, మీ మాట వింటాడు అని బతిమాలాను. దిద్దింది నువ్వు అన్నారు, అంతే.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం వాళ్లింటికి వెళ్లాం. మూటలు కట్టి గడప దగ్గర పెట్టి ఉన్నాయి. సారు పందిరి గుంజ పక్కన ఆగిపోయారు. నేను నోటుబుక్కు తెరిచి, నేనే తప్పు నేర్పానని, మీ అమ్మాయి కొలిచినవన్నీ సరైనవేనని కుర్మయ్యకు చెప్పాను.

"మరి గీ ఎర్రయన్ని?" అన్నాడు.

"అవి నా తప్పులు."

తలుపు వెనక నుంచి అనిత వచ్చింది. "నేను మల్ల మల్ల కొలిసిన టీచర్," అంది. "అందరికి వేరే వస్తుంటె నాదే తప్పనుకున్న."

నాకు ఏడుపు ఆగలేదు. కుర్మయ్య ఒక మూట విప్పి, అందులోంచి పిల్ల బట్టలు ఒక్కొక్కటే తీసి నాయనమ్మ చేతికిచ్చాడు.

తిరిగి వస్తుంటే, నా తప్పు అంత సులువుగా ఎలా పట్టుకున్నారని సారును అడిగాను. ఆయన నడుస్తూనే చెప్పారు. "నేను గూడ గట్లనే చెప్పిన, నాలుగేండ్లు. నన్ను ఆపెటోళ్లు లేకుండె. గా పిల్లలు ఇప్పుడు యాడున్నరో తెల్వదు. పోయి చెప్తమంటె ఎవరింటికి పోవాలె?"

ఒక్కో లెక్కకు పావుగంట ఎందుకో నాకు అప్పుడు అర్థమైంది. ఆ రోజు క్లాసులో నా తప్పు చెప్పి పాఠం మళ్లీ మొదలుపెట్టాను. సారు పిల్లల వరుసలో కూర్చుని, అనిత పక్కన, వాళ్లతో పాటు కోణాలు కొలిచారు. అనిత ఆ ఏడు అయిదో తరగతి పూర్తి చేసి ఘణపూర్ హైస్కూలుకు వెళ్లింది. ఆ తర్వాతి సంగతి నాకు తెలియదు. సారు ఇప్పుడు లేరు.

మొన్న ఒక అబ్బాయి అరవై ఉండవలసిన చోట యాభై ఏడు రాశాడు. నా చేతిలో ఎర్ర పెన్ను ఉంది. దాన్ని మూసి బల్ల మీద పెట్టి, వాడి పక్కన నేల మీద కూర్చుని, నాది కాదు, వాడి కోణమానినే చేతిలోకి తీసుకున్నాను.

"ఎట్ల చేసినవ్ నాయనా?" అని అడిగాను.