సముద్రం కనిపించే నాలుగో అంతస్తు

ఆ రోజుల్లో కంప్యూటరు ముందు కూర్చుంటే ప్రపంచమంతా నా చేతి కిందే ఉందనుకునేదాన్ని. డిగ్రీ కాగానే తాడేపల్లిగూడెంలో ఒక ట్రావెల్స్ ఆఫీసులో చేరాను. తిరుపతి, కాశీ టిక్కెట్లతో పొద్దు గడిచిపోతుండగా ఒకనాడు పప్పుల హోల్‌సేల్ కొట్టు బాబాయిగారు, పిన్నిగారు వచ్చి ఫ్రాన్సులో గది కావాలన్నారు. (వాళ్ళు నాకు చుట్టాలేం కారు, గూడెంలో వరసలు ఊరికే కలిసిపోతాయి.) సముద్రం ఒడ్డున రాతి కోటగోడ లోపల ఉన్న సెయింట్ మాలో అనే పాత రేవు పట్నాన్ని పిన్నిగారు టీవీలో చూసి, వెళ్తే అక్కడికేనని పట్టుబట్టారట. బాబాయిగారి పట్టు వేరు.

"ఏ ఊరెళ్ళినా స్టేషనుకి ఎదురుగా దిగాలమ్మా. కింద గది, వండుకోడానికి పొయ్యి. అన్నట్టు, అక్కడ మనవాళ్ళ సత్రం ఏదైనా ఉందేమో చూడు."

"లేదండీ" అన్నాను, ఆ ఊరి వీధులన్నీ తిరిగొచ్చినదానిలా.

ఆయన ఫోన్ వచ్చి బయటికెళ్ళగానే పిన్నిగారు ఒక ఫోటో మీద వేలుపెట్టారు. కోటలోపల నాలుగో అంతస్తు, చిన్న వంటగది, కిటికీ నిండా సముద్రం.

"లిఫ్టు లేదండీ, అన్నీ మెట్లే. బాబాయిగారికి మోకాళ్ళ నొప్పులన్నారు కదండీ?"

"నాకు లేవుగా" అన్నారావిడ మెల్లగా. "పెళ్ళైనప్పట్నించీ కొట్టు వెనక గదిలోనే కాపురమమ్మా. కిటికీ తీస్తే కందిపప్పు బస్తాలు. ఇదే చెయ్యి. మెట్ల సంగతి ఆయనతో అనకు."

చేశాను. బాబాయిగారికి వంటగది సంగతొక్కటే చెప్పాను. వాళ్ళు అక్కడ దిగిన రోజు మా ఓనరుగారి ఫోన్‌కి వీడియో కాల్ వచ్చింది. రాళ్ళు పరిచిన వీధిలో బాబాయిగారు సూట్‌కేసు మీద కూలబడి రొప్పుతున్నారు. "ఇది ఇల్లాండీ, ధ్వజస్తంభమా?" పైనించి పిన్నిగారి గొంతు: "ఏవండీ, వచ్చెయ్యండి! గాలి ఎంత బాగుందో!"

ఓనరుగారు నా వైపు తిరిగారు. "మెట్లున్నాయని చెప్పలేదా నువ్వు?"

"లేదండీ" అన్నాను. పిన్నిగారి పేరు నాలిక చివరిదాకా వచ్చి ఆగిపోయింది.

"వాళ్ళని రానీ, అప్పుడు నీ సంగతి చూస్తాను."

తిరిగొచ్చాక బాబాయిగారు సరాసరి ఆఫీసుకే వచ్చారు. ఆయన కుర్చీలో కూర్చుని తీరిగ్గా మొదలెట్టారు. "ఎలాగో ఎక్కాను గానీ, మళ్ళీ దిగడానికి ధైర్యం చాల్లేదమ్మా. గదిలోనే ఉండిపోయాను. ఆవిడేమో పొద్దున్నే కోటగోడ మీద షికారు! ఇక్కడ నేను లేందే బజారుకి కూడా వెళ్ళని మనిషి. తిరిగొచ్చేసరికి ఆకలేస్తుందిగా పాపం? నేనే కుక్కరు పెట్టడం మొదలెట్టాను. ఇప్పుడింట్లో కూడా సాయంత్రం వంట నాదే అంటోంది."

ఓనరుగారు క్షమాపణ చెప్పబోతే చెయ్యి అడ్డంపెట్టి, నా వైపు వంగి గొంతు తగ్గించారు. "మెట్లున్నాయని మీ పిన్నికి ముందే తెలుసు కదూ?"

నేను బల్ల మీది టిక్కెట్లు సర్దడం మొదలెట్టాను.

"చెప్పకులే. ఆవిణ్ణీ అడగలేదు నేను" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయారు.

ఇప్పుడు ఏలూరులో నాకు సొంత ఆఫీసుంది. భార్యాభర్తలిద్దరికీ అన్నీ విడమరిచి చెప్పి, ఇద్దరి చేతా సరేననిపించుకుని గానీ గది బుక్ చెయ్యను. గొడవలు లేవు. ఒక్కోసారి మాత్రం, ఉద్యోగం ఊడుతుందని తెలిసీ పెదవి విప్పని ఆ పిల్ల గుర్తొచ్చి ముద్దొస్తుంది. అంత ధైర్యం ఇప్పుడు నాకెక్కడిదండీ!